శబ్దానికీ సంగీతానికీ మధ్య 799 రూపాయలు

శబ్దం ఎక్కడ ముగుస్తుందో, సంగీతం ఎక్కడ మొదలవుతుందో అన్న ప్రశ్నకు మన పెద్దలు నాదోపాసన మొదలుకొని నానా మార్గాల్లో జవాబు వెతికారు గాని, ఆ సరిహద్దు కచ్చితంగా 799 రూపాయల దగ్గర ఉందని కనిపెట్టిన ఘనత మాత్రం నాకే దక్కింది. గత శనివారం సాయంత్రం మాదాపూర్ వైపు ఉన్న ఒక హాల్లో, ఇంతకాలం ఇతరుల కచేరీలకు ముందు కాసేపు వాయించి దిగిపోతూ వచ్చిన ఒక కుర్రకారు పాప్ బృందం తొలిసారిగా తమ సొంత పేరు మీద పూర్తి కచేరీ ఇచ్చింది. దానికి నేను టికెట్టు కొనుక్కుని వెళ్లాను. ఆ బృందంలో డ్రమ్స్ వాయించే అబ్బాయి కూకట్‌పల్లిలో మా ఫ్లాటుకు సరిగ్గా పై ఫ్లాటులో ఉంటాడు. అంటే, నాలుగేళ్లుగా నాకు ఉచితంగా అందుతూ, నేను లిఖితపూర్వకంగా వద్దంటూ వచ్చిన సరుకునే ఈసారి పన్నుతో సహా చెల్లించి పుచ్చుకున్నానన్నమాట.

నా ఫిర్యాదులు ఆషామాషీగా రాసినవి కావు. లెక్కల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి అంకె లేకుండా ఆరోపణ చేయడు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదు. రాత్రి అంటే పది నుంచి తెల్లవారి ఆరు వరకు. ఈ వివరాలన్నీ పొందుపరిచి, ఫోనులో డెసిబెళ్లు కొలిచే ఆప్ పెట్టుకుని, రోజువారీ పట్టిక తయారుచేసి అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శికి సమర్పించాను. ఆ అబ్బాయి తల్లి మెట్లు దిగి వచ్చి, "కాస్త ఓర్చుకోండి అన్నయ్యగారూ, వాడికి ఇదొక్కటే పిచ్చి," అని ఒక గిన్నెడు గోంగూర పచ్చడి ఇచ్చి వెళ్లింది. పచ్చడి స్వీకరించాను గాని పట్టిక ఉపసంహరించుకోలేదు. అబ్బాయి డ్రమ్ముల కింద పాత పరుపు ఒకటి పరిచాడట. దాని వల్ల శబ్దం తగ్గలేదు, మెత్తబడింది. అది చాలక నేను బూజు కర్ర పట్టుకుని కుర్చీ ఎక్కి పైకప్పును మూడుసార్లు పొడవడం అలవాటు చేసుకున్నాను. పొడిచిన మరుక్షణం వాయిద్యం ఆగిపోయేది. ఈ విషయంలో ఆ కుర్రవాడి క్రమశిక్షణను మెచ్చుకోక తప్పదు.

ఇక టికెట్టు సంగతి. వెల 799 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 143 రూపాయల 82 పైసలు, ఆపైన టికెట్టును మన ఫోనుకు పంపినందుకు మననుంచే వసూలు చేసే సౌకర్య రుసుము. ఇక్కడొక సూక్ష్మం ఉంది. మనిషికి 500 రూపాయలు దాటని ప్రవేశ రుసుముతో జరిగే కచేరీకి జీఎస్టీ మినహాయింపు ఉంటుంది. 500 దాటిన క్షణం నుంచే అది పన్ను వేయదగినంత విలువైన నాదమవుతుంది. శబ్ద నియమాలు కూడా ఈ తత్వాన్నే బలపరుస్తున్నాయి: రాత్రి వేళ వాయిద్యాలూ లౌడ్‌స్పీకర్లూ మోగించరాదు గాని, ఆడిటోరియం వంటి మూసివున్న చోట లోపలివాళ్ల కోసం మోగించుకోవచ్చు. మా పడకగదికీ తలుపులు ఉన్నాయి, అవి రాత్రిళ్లు మూసే ఉంటాయి, లోపల వినేవాణ్ని నేనూ ఉంటాను. అయినా అది ఆడిటోరియం కాలేకపోయింది. కారణం టికెట్టు లేకపోవడమే.

బృందం పేరు ఇక్కడ రాయలేను. దాచాలని కాదు, ఇప్పటి పద్ధతి ప్రకారం పేరులోని అచ్చులన్నీ తీసేసి హల్లులు మాత్రమే మిగిల్చారు, తెలుగు లిపి అంత కరువుకు అలవాటు పడింది కాదు. మూడేళ్లుగా వీళ్లు పెద్ద గాయకులు వచ్చేలోపు వేదిక వేడెక్కించే పని చేశారు. విస్తరి వేయగానే ముందు మూల ఉప్పు వడ్డిస్తారు గాని ఉప్పు కోసం ఎవరూ భోజనానికి రారు కదా, అటువంటి ఉద్యోగం అది. జనం బళ్లు నిలుపుకుంటూ, కుర్చీలు వెతుక్కుంటూ, "అసలువాళ్లు ఎప్పుడొస్తారు?" అని అడుగుతున్నప్పుడు వాయించాలి. 1967లో సాక్షాత్తు గిటారు దిగ్గజం జిమీ హెండ్రిక్స్ అమెరికాలో మంకీస్ అనే బృందానికి ముందు వాయించబోయి, మంకీస్ కోసం వచ్చిన పిల్లలు వాళ్ల పేర్లే అరుస్తుంటే భరించలేక కొద్ది ప్రదర్శనలకే ఆ పర్యటన వదిలి వెళ్లిపోయాడు. మనవాళ్లు వదలలేదు. ఉప్పుగానే ఉండి ఉండి, ఒకనాటికి విస్తరంతా తామే అయ్యారు. ఇది సామాజిక క్రమశిక్షణకు మంచిది కాదని నా అభిప్రాయం. ఉప్పు తన స్థానం మరిచిపోతే పప్పు ఏమైపోవాలి?

కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం దాకా వెళ్లి, అక్కణ్నుంచి ఆటోలో హాలు చేరాను. ద్వారం దగ్గర కాపలా కుర్రవాడు నా జేబులు తడిమి ఒక చిన్న పొట్లం బయటికి తీశాడు. "ఇదేంటి సార్?" అన్నాడు. "దూది," అన్నాను. "దేనికి?" అని అడిగాడు. చెవుల వైపు చూపించాను. సంగీత కచేరీకి టికెట్టు కొని, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెచ్చుకున్న మనిషిని ఏ నిబంధన కింద ఆపాలో తెలియక అతడు తన పైవాణ్ని పిలిచాడు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, జాలిపడి, చేతికి కాగితపు పట్టీ చుట్టి లోపలికి పంపాడు.

లోపల కుర్చీలు లేవు. 799 రూపాయలు నిలబడడానికట. కూర్చోవాలంటే మరింత పెట్టాలి. నా చుట్టూ ఉన్నవాళ్లలో అందరికంటే పెద్దవాడికి పాతికేళ్లు దాటి ఉండవు. వాళ్లలో ఒక అమ్మాయి నా తెల్ల వెంట్రుకలు చూసి, "అంకుల్, మీ అబ్బాయి బ్యాండ్‌లో ఉన్నాడా?" అని మర్యాదగా అడిగింది. కాదమ్మా, డ్రమ్స్ వాయించే అబ్బాయిది మా పై ఫ్లాటు అన్నాను. ఆ ఒక్క మాటతో నా హోదా మారిపోయింది. "అంటే మీరు రోజూ వింటారా?" అంది. రోజూ వింటానన్నాను. "ఎంత అదృష్టం అంకుల్!" అని ఆ పిల్ల తన స్నేహితులందరినీ పిలిచి నన్ను చూపించింది. ఒకడు నాతో ఫొటో దిగాడు. పాటలు తయారయ్యేటప్పుడు ఎలా ఉండేవని మరొకడు అడిగాడు. నా దగ్గరున్న సమాచారమంతా తేదీ, సమయం, డెసిబెళ్ల రూపంలో ఉన్నందువల్ల గంభీరంగా తల ఊపి ఊరుకున్నాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత చెప్పినవాళ్లు, ఆ పెరటి పక్కింటివాడికి లభించే ఈ గౌరవాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

దీపాలు ఆరాయి. ఐదుగురు పిల్లలు వేదిక మీదికి వచ్చి, ఒకదాని తర్వాత ఒకటిగా సొంత పాటలే పాడడం మొదలుపెట్టారు. రెండో పాట అయ్యాక వెనకనుంచి ఎవరో న్యాయంగా, "సినిమా పాట వెయ్యండి!" అని కేక వేశారు. తెలుగువాడికి పాటంటే సినిమా పాటే, మిగిలినవి ప్రార్థనలు. ఒకప్పుడు ఆకాశవాణి లలిత సంగీతమని పేరు పెట్టి, బాలాంత్రపు రజనీకాంతరావు వంటి మహానుభావుల చేత సినిమాతో సంబంధం లేని పాటలను ఇంటింటికీ పంపించిన మాట నిజమే; కాని అప్పుడు రేడియోకు లైసెన్సు రుసుము కట్టేవాళ్లం గనుక, డబ్బు పెట్టి విన్నది సంగీతమే అన్న నా సిద్ధాంతానికి అదీ భంగం కలిగించదు. సినిమా లేదు, నాయకుడు లేడు, మంచు కొండ లేదు, పాట మాత్రం ఉంది. గాయని ఆ కేకకు నవ్వి, "ఇవాళ మావే," అంది. ఆ ధైర్యానికి దూది సర్దుకున్నాను.

మూడో పాట దగ్గర విచిత్రం జరిగింది. ఆ పాట నాకు వచ్చు. సాహిత్యం రాదు, రాగం రాదు, దరువు మాత్రం ఒక్క దెబ్బ తప్పకుండా వచ్చు. కాంక్రీటు కప్పుకు ఒక గుణముంది: సన్నని స్వరాలను తనలోనే ఉంచుకుని, మంద్ర శబ్దాలను కిందికి వదులుతుంది. అందువల్ల నాలుగేళ్లుగా నాకు చేరింది పాటలోని నాలుగో వంతు, తల లేని మొండెం. మిగతా మూడు వంతులూ ఆ రాత్రి వేదిక మీద ఒక్కొక్కటిగా వచ్చి దానికి అతుక్కుంటుంటే, ఎముకలు మాత్రమే ఎరిగిన మనిషి ఎదురుగా వచ్చి పలకరించినట్టయింది. ఆ దరువు మధ్యలో ఒకచోట ఠక్కున ఆగి, ఊపిరి పీల్చేంత సేపు ఖాళీ ఉండి, మళ్లీ అందుకుంటుంది. ఇంట్లో ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఇక అయిపోయిందని ఆశపడి మోసపోయినవాణ్ని నేను. హాలంతా ఆ ఖాళీలో తికమకపడి తొందరపడి చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. సరిగ్గా అందుకునే దెబ్బకు నా మడమ నేలను తాకింది. పక్కనున్న పిల్లలు నన్ను చూసిన చూపు, పదవీ విరమణ నాడు శాలువా కప్పినప్పుడు కూడా నాకు దొరకలేదు. దూది ఎప్పుడు తీశానో గుర్తు లేదు.

తర్వాత డ్రమ్స్ అబ్బాయి ఒక్కడే ఆరేడు నిమిషాలు వాయించాడు. కర్ణాటక సంగీత విద్వాంసులు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ కచేరీకి ఒక చక్కని క్రమం తీర్చిదిద్ది పెట్టారు. ఆ క్రమంలో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచే ఆచారాన్ని శ్రోతలు తమంతట తామే చేర్చారు. ఇక్కడ ఎవరూ కదలలేదు. కాఫీ కొట్టు లేకపోవడం ఒక కారణం కావచ్చు. 1965లో న్యూయార్క్ షే స్టేడియంలో యాభై వేలు దాటిన జనం అరుపుల్లో బీటిల్స్‌కు తమ పాట తమకే వినపడలేదనీ, వాళ్ల డ్రమ్స్ వాద్యకారుడు రింగో స్టార్ ముందున్నవాళ్ల కదలికలు చూసి దరువు వేశాడనీ చెబుతారు. ఆ కచేరీ అరగంటలో ముగిసింది. మనవాళ్లు రెండు గంటలు వాయించారు, అందరికీ వినపడింది. నా పట్టిక ప్రకారం చూస్తే వినపడకుండా పోయే అవకాశమే లేదు.

చివర గాయని సెలవు తీసుకుంది, దీపాలు ఆరాయి, జనం "ఇంకోటి! ఇంకోటి!" అని అరిచారు. నాకు పద్యనాటకాలు గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో ప్రేక్షకులు "వన్స్ మోర్" అంటే, చచ్చి పడివున్న పాత్రధారి సైతం లేచి, ఆర్మోనియం వాణ్ని శ్రుతి అడిగి, పద్యం మళ్లీ పాడి మళ్లీ చచ్చేవాడని మా తాతగారి తరం ముచ్చటగా చెప్పుకునేవారు. అది ప్రజల తీర్పు. ఇక్కడ నేను అంచు దాకా జరిగి చూస్తే, వేదిక నేలకు అంటించిన పాటల వరుస కాగితంలో "సెలవు" అన్న మాట కింద ఇంకా రెండు పాటలు రాసి ఉన్నాయి. మనం అడగబోయేది వాళ్లు పొద్దునే రాసి పెట్టుకున్నారు. ఈ మోసాన్ని నలుగురికీ చెప్పాలని నోరు తెరిచాను. ఆ నోటినుంచి వచ్చింది మాత్రం "ఇంకోటి!" అనే.

మర్నాడు ఆదివారం పదకొండు గంటలకు పైన మళ్లీ మొదలైంది. మూడో పాటే. నేను పట్టిక పుస్తకం మూసి, కింద నిలబడి, మిగతా మూడు వంతులూ తలలో కలుపుకుంటూ విన్నాను. ఖాళీ వచ్చింది, దెబ్బ అందుకుంది, పాట ముగిసింది. అబ్బాయి ఇంకో పాట ఎత్తుకున్నాడు. నేను గబగబా కుర్చీ ఎక్కి, బూజు కర్రతో పైకప్పును మూడుసార్లు పొడిచాను. నాలుగేళ్ల అలవాటు కొద్దీ అతడు వెంటనే ఆపేశాడు. వన్స్ మోర్ అని అర్థమయ్యేలా బూజు కర్రతో ఎలా పొడవాలో తెలియక కుర్చీ మీదే నిలబడిపోయాను.