సాగర్ నీళ్ళను అడుగుల్లో గీసి చూపెట్టకండి

టీవీ గ్రాఫిక్స్ వేసేవాళ్ళకు, అవే బొమ్మలను పొద్దున్నే వాట్సాప్‌లో తిప్పే మన నల్లగొండ గ్రూపుల అడ్మిన్లకు కలిపి ఒకే మాట. నాగార్జునసాగర్ నీటిమట్టం చెప్పేటప్పుడు ఆ నీలం పట్టీ గీయడం ఆపండి, లేదంటే సరిగ్గా గీయండి.

సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. నీళ్ళు దిగిపోయి 510 దగ్గరికొచ్చిన రోజు కూడా స్క్రీన్ మీద నిలువు పట్టీ ఒకటి గీసి, కింద సున్నా, పైన 590 రాసి, 510 దాకా నీలం నింపుతారు. చూసేవాడికి నూటికి 86 వంతులు నీలమే కనపడుతుంది. మా చిన్నాయనది హాలియా పక్క, ఎడమ కాల్వ కింద పొలం. ఆయన ఆ బొమ్మ చూసి "ఇంకేందిరా, నిండినట్టే గద, యాసంగికి ఢోకా లేదు" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను. బొమ్మ ఆయనకు చెప్పింది అదే.

అసలు సంగతేంటంటే, 510 అనేది సాగర్‌కు కనీస నీటిమట్టం. అక్కడ డ్యాంలో సుమారు 131 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు) ఉంటాయి, 590 దగ్గర 312 ఉంటాయి. ఈ రెంటికీ మధ్యనున్న దాదాపు 180 టీఎంసీల మీదే కాల్వలు, నార్లు, తగాదాలు అన్నీ నడిచేది. అంటే పట్టీలో 86 వంతులు నీలం ఉన్నరోజు మన లెక్కలో ఉన్నది సున్నా. పైగా ఈ 590 అనేది డ్యాం లోతు కూడా కాదు, సముద్రమట్టం నుంచి లెక్క! డ్యాం ఎత్తు పునాది నుంచి కొలిచినా 124 మీటర్లు, అంటే 407 అడుగులే. మరి పట్టీ అడుగున నింపిన నీలం ఎక్కడిది? కృష్ణ అడుగున ఉన్న రాయికి, రాయి కింద ఉన్న రాయికి కూడా నీలం పూసి చూపిస్తున్నారన్నమాట.

ఇంకోటి, సాగర్ డ్రమ్ములాగా నిటారుగా ఉండదు, మూకుడులాగా పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. 589 నుంచి 590కి పోవాలంటే ఆ ఒక్క అడుగుకే సుమారు 3 టీఎంసీలు కావాలి, కింద అడుగుకు అన్ని అక్కర్లేదు. పట్టీలో మాత్రం ప్రతి అడుగుకూ అదే మందం.

ఇట్ల అంటే వెంటనే చదువుకున్నోళ్ళు ఒక సూత్రం అప్పజెప్తారు, గ్రాఫ్ సున్నా నుంచి మొదలైతే మోసం ఉండదని. సగం నిజం. అది ఎక్కడ పనికొస్తుందంటే మన గడియారం సెంటర్‌లో రిజల్ట్స్ వచ్చిన వారం చూడండి. ఒక కాలేజీ ఫ్లెక్సీలో వాళ్ళది 98 శాతం, 'ఇతరులది' 96 శాతం అని రెండు కడ్డీలు. గీత 95 నుంచి మొదలు. దాంతో వాళ్ళ కడ్డీ పక్కదానికి మూడింతలు ఎత్తు! రెండు శాతం తేడాకు మూడింతల ఎత్తు, అది కూడా బంగారు రంగులో. ఇక పక్కన పిల్లల ఫొటోలు, టాపర్ ముఖం మనిషెత్తు. ఎంతమంది పరీక్ష రాశారన్న ముక్క మాత్రం ఫోన్ నంబర్ కన్నా చిన్న అక్షరాల్లో కూడా ఉండదు. ఇరవై ముఖాలు వరసగా నవ్వుతుంటే తండ్రికి వెనకున్న వందలమంది ఎట్ల గుర్తొస్తారు, ఆయన ఫీజు ఎంతో అడగడానికి అప్పటికే లోపలికి పోయుంటాడు.

సరే, అక్కడ సున్నా నుంచి మొదలుపెట్టమందాం. మరి జ్వరానికి? 98.6, 103 ఫారెన్‌హీట్‌ను సున్నా నుంచి గీస్తే రెండు కడ్డీలూ అన్నదమ్ముల్లాగే ఉంటాయి, పిల్లాడు మాత్రం మూలుగుతుంటాడు. సాగర్ కూడా అంతే, అక్కడ సున్నా నుంచి గీయడమే మోసం. ఎక్కడ మొదలుపెట్టాలో ఆ వస్తువును బట్టి ఉంటుంది, అందుకే గీసేవాడికి ఆ వస్తువు గురించి తెలిసుండాలి.

వడ్ల బస్తాల బొమ్మలు ఇంకో రకం. సాధారణ రకం వడ్లకు మద్దతు ధర 2014-15లో క్వింటాకు 1,360, 2025-26కు 2,369. అంటే 1.74 రెట్లు. కరపత్రంలో బస్తా బొమ్మను ఎత్తు 1.74 రెట్లు పెంచితే, కంప్యూటర్లో మూల పట్టి లాగుతారు కాబట్టి వెడల్పూ అంతే పెరుగుతుంది, కాగితం మీద బస్తా మూడింతలవుతుంది. అంకె సరిగ్గానే అచ్చయింది, కాబట్టి అబద్ధం ఆడారని కేసు వేయలేం. ఖర్చుల బస్తా ఎవడూ గీయడు, అది వేరే కథ. 1984లోనే క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు అమెరికా స్టాటిస్టిక్స్ పరిశోధకులు ప్రయోగాలు చేసి చెప్పారు, ఒకే గీత మీద నిలబెట్టిన ఎత్తులను పోల్చడంలో మన కన్ను బాగానే పనిచేస్తుంది, వైశాల్యం దగ్గరికొస్తే తడబడుతుంది అని. కరపత్రం వేసేవాళ్ళు ఆ పరిశోధన చదవకుండానే దాన్ని వాడేస్తున్నారు.

ఇక మన ఫ్లోరైడ్ మ్యాపు మీద నా కోపం పాతదే. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎరుపు వేస్తారు. 1.6 ఉన్న ఊరికీ అదే ఎరుపు, దానికి నాలుగింతలు ఉన్న ఊరికీ అదే ఎరుపు. మర్రిగూడ, చండూరు పక్క జనం పడ్డ బాధ చిన్నది కాదు, నడుములు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగినవాళ్ళం. అందుకే అడుగుతున్నా, ఆ ఊళ్ళ తీవ్రతను మిగతా ఊళ్ళతో కలిపేసి ఒక్క రంగు పూస్తే నిజంగా బాధపడ్డోళ్ళే మరుగున పడిపోయారు కదా. హైదరాబాద్‌లో ఇప్పటికీ "మీది నల్లగొండా, నీళ్ళు తాగొచ్చా?" అని అడిగేవాళ్ళు తగులుతారు. వాళ్ళ మనసులో ఉన్నది అంకె కాదు, ఆ ఎరుపు.

నన్నడిగితే సాగర్‌కు మూడు ముక్కలు చాలు: ఇవ్వాళ ఎన్ని టీఎంసీలు, 510కి పైన వాడుకోగలిగినవెన్ని, పోయినేడు ఇదే తేదీకి ఎన్ని. పట్టీ కావాలంటే 510కి పైనున్న టీఎంసీలకే గీయండి. జనానికి టీఎంసీలు అర్థం కావు, అడుగులైతే తేలిక అని ఒక గ్రూప్ అడ్మిన్ అన్న నాకు జవాబిచ్చాడు. అన్నా, హాలియాలో ఏ టీ కొట్టు దగ్గరైనా కూసోని విను. రోజంతా పదకొండున్నర వేల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) వస్తే ఒక టీఎంసీ అని, లక్ష వస్తే ఎనిమిదిన్నర దాటుతుందని నోటి లెక్క చెప్పే రైతులున్నారక్కడ. వాళ్ళకు అర్థం కాదని నువ్వెట్ల అంటావు?