సంబంధాలు చెడగొట్టే వాకబు కాగితం గారికి

మహారాజశ్రీ బ్యాంకు చరిత్ర నివేదిక గారి దివ్య సముఖమునకు,

అమెరికాలో తన డబ్బు తాను దాచుకోవాలనే దురాశ గల ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం గురించి అడగనక్కర్లేదు. ఒకసారి పుట్టారంటే అయిదేళ్ల దాకా మీకు ఢోకా లేదు కదా.

ముందు మిమ్మల్ని నలుగురికీ పరిచయం చెయ్యాలి. ఎందుకంటే మావాళ్లలో చాలామందికి మీ పేరే తెలియదు. క్రెడిట్ స్కోరంటే తెలుసు. కాఫీ నోట్లో పడకముందే ఫోన్లో అది చూసుకునేవాళ్లు నాకు తెలుసు. వారాంతం విందుల్లో బిర్యానీ ప్లేటు పట్టుకుని ఒకాయన 760 అంటే ఇంకొకాయన 790 అంటాడు. పాపం, వాళ్లకు తెలియనిది ఏమిటంటే, ఆ అంకె కారు లోనుకు పనికొస్తుంది, ఇంటి లోనుకు పనికొస్తుంది. రోజువారీ జమాఖర్చులకు వాడుకునే చెకింగ్ అకౌంట్ తెరవడానికి వెళ్తే మాత్రం కౌంటర్ అవతలి మనిషి చూసేది చాలాసార్లు ఆ అంకెను కాదు, మిమ్మల్ని. మీరు ఎక్కువగా దొరికే చోటు చెక్స్‌సిస్టమ్స్ అనే సంస్థ. ఉత్తరం వెయ్యాలంటే మిన్నెసోటా రాష్ట్రంలో చిరునామా. ఎవరి పాత అకౌంట్ మైనస్‌లోకి పోయి మూతపడింది, ఎవరి చెక్కులు తిరిగొచ్చాయి, ఎవరి పేరు పక్కన మోసం అనుమానం అని రాసి ఉంది, ఇవన్నీ బ్యాంకులే మీ చెవిలో వేస్తాయి. తర్వాత బ్యాంకులే వచ్చి మిమ్మల్ని అడుగుతాయి. మీకు సొంతంగా 100 నుంచి 899 దాకా ఒక స్కోరు కూడా ఉంది. దాన్ని గురించి విందుల్లో ఎవరూ గొప్పలు చెప్పుకోగా నేను వినలేదు.

మిమ్మల్ని చూస్తే నాకు ఊళ్లో సంబంధాల వాకబుకు దొరికే పెద్దమనిషి గుర్తొస్తాడు. ఆడపిల్లవాళ్లు వచ్చి, "మీ వీధిలోవాడే కదండీ, అబ్బాయి ఎలాంటివాడు?" అని అడుగుతారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఎందుకులెండి, నేను చెప్పకూడదు" అంటాడు. అంతే, సంబంధం తప్పిపోయింది. తర్వాత అబ్బాయి తండ్రి వెళ్లి నిలదీస్తే, "నేను ఒక్క మాట చెడుగా అన్నానా? నిర్ణయం వాళ్లది" అంటాడు. మీరూ అంతే. అకౌంట్ ఇవ్వాలా వద్దా అన్నది మా పని కాదు, బ్యాంకుదే నిర్ణయం అంటారు. బ్యాంకునడిగితే, మా చేతుల్లో ఏముందండీ, రిపోర్టులో అలా వచ్చింది అంటుంది. మధ్యలో పెళ్లికొడుకు, జీతం నేరుగా అకౌంట్లో పడటానికిచ్చే డైరెక్ట్ డిపాజిట్ ఫారం పట్టుకుని నిలబడి ఉంటాడు.

ఆ పెళ్లికొడుకు ఎలా తయారవుతాడో చెబుతాను. ఫలానావాడని కాదు, ఈ దారిలో నడిచేవాళ్లు చాలామంది. భీమవరం నుంచో హనుమకొండ నుంచో ఆగస్టులో ఎమ్మెస్‌కు దిగుతాడు. దిగిన వారంలో యూనివర్సిటీ దగ్గర బ్రాంచిలో విద్యార్థి అకౌంట్ తెరుస్తాడు. నెలవారీ ఫీజు లేదు, మినిమమ్ బ్యాలెన్స్ లేదు, డెబిట్ కార్డు మీద కాలేజీ బొమ్మ కూడా ఉంటుంది. చదువైపోయాక వేరే ఊరు, వేరే బ్యాంకు. పాత దాంట్లో పదో పదిహేనో డాలర్లుంటాయి. పోతే పోనీలే అనుకుంటాడు. ఉన్న ఆ పది డాలర్లు ఊరికే పడి ఉండవని వాడికి తెలియదు. విద్యార్థి గడువు అయిపోగానే అది మామూలు అకౌంట్‌గా మారుతుంది, నెలకు పదో పన్నెండో డాలర్లు మెయింటెనెన్స్ ఫీజు పడుతుంది. ఒక నెలకే నిల్వ ఖాళీ. రెండో నెలకు మైనస్. ఉత్తరాలు నలుగురు రూమ్మేట్లతో ఉన్న పాత అపార్ట్‌మెంట్‌కు వెళ్తాయి, అక్కడ ఇప్పుడు ఇంకో నలుగురు ఉంటారు. కొన్నాళ్లకు బ్యాంకు ఆ బాకీని రాదని లెక్కలోంచి తీసేసి, అకౌంట్ మూసేసి, మీకు కబురు పెడుతుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి మీ చెవిన వెయ్యాలి. మీరు వెనకబడిన దేశమని అనుకునే మా వైపు, మినిమమ్ బ్యాలెన్స్ లేదన్న జరిమానా వల్లనే సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోకూడదని రిజర్వు బ్యాంకు 2014లో సర్క్యులర్ ఇచ్చింది, 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నిల్వ సున్నా అయితే సున్నా, అంతటితో ఆగాలి. మా బ్యాంకులు పుణ్యాత్ములని కాదు, వాటి సంగతి రాయాలంటే వేరే ఉత్తరం కావాలి. మీ దగ్గర సున్నా కింద కూడా ఒక అంతస్తు ఉంది, దానికీ అద్దె వసూలు చేస్తారు అని మాత్రం చెబుతున్నాను.

మీ కాగితం మీద "ఓవర్‌డ్రాఫ్ట్" అని, అంటే ఉన్నదానికంటే ఎక్కువ తీశాడని, ఒక్క మాటే ఉంటుంది. అది ఎలా పుట్టిందన్న కథ మీరు రాసుకోరు. నేను రాస్తాను. అకౌంట్లో 100 డాలర్లున్నాయి. ఒకే రోజు కాఫీకి 5, బస్సుకు 10, కూరగాయలకు 20, చివర్న కరెంటు బిల్లుకు 95 వెళ్లాయనుకోండి. జరిగిన వరసలో లెక్కిస్తే ఒక్క బిల్లు దగ్గరే డబ్బు చాలలేదు. చాలనందుకు 35 డాలర్ల ఫీజు ఒకటి. కానీ చాలా బ్యాంకులు ఏళ్ల తరబడి పెద్ద మొత్తం ముందు, చిన్నవి తర్వాత లెక్కించాయి. ముందు 95 తీసేస్తే మిగిలేది 5. ఆ తర్వాత కూరగాయలకు చాలలేదు, బస్సుకు చాలలేదు, కాఫీకీ చాలలేదు. మూడు ఫీజులు, 105 డాలర్లు. ఖర్చు పెట్టింది రెండు లెక్కల్లోనూ అదే 130. ఈ విద్య మీద కాలిఫోర్నియాలో జడ్జి విలియం ఆల్సప్ 2010లో వెల్స్ ఫార్గో బ్యాంకును 20 కోట్ల 30 లక్షల డాలర్లు ఖాతాదారులకు తిరిగి ఇమ్మన్నాడు. మరుసటేడు బ్యాంక్ ఆఫ్ అమెరికా ఇలాంటి కేసులోనే 41 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అంటే, మైనస్ కొంత ఖాతాదారుడు చేసింది, కొంత బ్యాంకు లెక్కల పుస్తకం చేసింది. మీ కాగితంలో మాత్రం రెండూ ఒకే మనిషి పేరున ఉంటాయి.

మీ జ్ఞాపకశక్తికి దండం పెట్టాలి. సాధారణంగా అయిదేళ్లు. ఆ కుర్రాడు విషయం తెలిసి పరుగెత్తుకెళ్లి బాకీ మొత్తం కట్టేశాడనుకోండి, మీరు చెరపరు. పక్కన "కట్టేశాడు" అని చేరుస్తారు. బాకీ ఉన్నవాడు అనే పేరు పోయి, ఒకప్పుడు బాకీ ఉన్నవాడు అనే పేరు వస్తుంది. జాయింట్ అకౌంటైతే మరీ ముచ్చట. మొగుడి కార్డుకు వచ్చిన మైనస్ పెళ్లాం పేరు మీద కూడా పడుతుంది. సొంత సంపాదన మొదలుపెట్టి, తన పేరున మొదటి అకౌంట్ తెరుద్దామని వెళ్లిన ఆవిడకు ఆ రోజే తెలుస్తుంది, తనకు ఇప్పటికే ఒక చరిత్ర ఉందని. దొంగ ఉద్యోగాల వాళ్లు పంపిన నకిలీ చెక్కును నమ్మి అకౌంట్లో వేసుకుని, వాళ్లు చెప్పినట్టు అందులో కొంత తిరిగి పంపించిన పిల్లలు కూడా ఉంటారు. చెక్కు తిరిగొస్తుంది, బాకీ పిల్లవాడిది, "మోసం అనుమానం" అన్న ముద్రా వాడిదే. మోసపోయినవాడికీ మోసం చేసినవాడికీ మీ దగ్గర ఒకటే గడి.

ఇవన్నీ అటుంచితే నాకు నవ్వొచ్చేది ఇంకొకటి. అదే కుర్రాడికి అదే వారం 40 వేల డాలర్ల కారు లోను దొరకొచ్చు. ఎందుకంటే పాత చెకింగ్ బాకీ వసూలు ఏజెన్సీ దాకా పోకపోతే క్రెడిట్ రిపోర్టులోకి సాధారణంగా ఎక్కదు. బ్యాంకు డబ్బు వాడి చేతికి ఇవ్వడానికి నమ్మకం ఉంది. వాడి డబ్బు బ్యాంకు చేతికి తీసుకోవడానికే నమ్మకం లేదు.

న్యాయం లేదని మాత్రం అనను. మీరూ 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం కిందకే వస్తారు. మీ మాట విని బ్యాంకు కాదంటే, ఎవరి మాట విన్నదో ఆ పేరు చెప్పి తీరాలి. అలా చెప్పిన 60 రోజుల్లో అడిగితే మీ కాపీ ఉచితం. కాదనకపోయినా ఏడాదికోసారి ఉచితంగా అడగొచ్చు. అడగండర్రా అని ఇక్కడ మావాళ్లకు చెబుతున్నాను. పాత ఊరు వదిలే ముందు బ్రాంచికి వెళ్లి అకౌంట్ మూసి, మూసినట్టు కాగితం తీసుకోండి. జీతం పడే అకౌంట్ మార్చేముందు ఈ కాపీ తెప్పించుకుని ఒకసారి చదవండి. తప్పుంటే అభ్యంతరం పంపండి, మామూలుగా 30 రోజుల్లో విచారించాలి. ఆ విచారణ ఎలా సాగుతుందంటే, మీరు బ్యాంకును అడుగుతారు, "నువ్వు చెప్పింది నిజమేనా?" అని. బ్యాంకు "నిజమే" అంటుంది. విచారణ ముగిసింది. అప్పటికీ ఒప్పుకోకపోతే బాధితుడు తన గోడు రాసి ఫైల్లో పెట్టించుకోవచ్చు, దానికి వంద మాటల హద్దు పెట్టే వీలు చట్టమే మీకిచ్చింది. ఈ ఉత్తరం ఆ హద్దు రెండో పేరాలోనే దాటింది, మన్నించాలి. తెలుగువాడు వంద మాటల్లో కుశలప్రశ్నలు కూడా పూర్తి చెయ్యలేడు.

ఇప్పుడు అసలు విన్నపానికి వస్తాను. 2016 సెప్టెంబర్లో బయటపడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది, మీ జ్ఞాపకం మంచిది కదా. వెల్స్ ఫార్గో ఉద్యోగులు టార్గెట్ల ఒత్తిడికి ఖాతాదారులు అడగకుండానే వాళ్ల పేరున అకౌంట్లు తెరిచారు. ఉన్న అకౌంట్లోంచి డబ్బు తీసి కొత్తదాంట్లో వేస్తే, ఉన్నదాంట్లో తక్కువై కొందరికి ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజులు కూడా పడ్డాయి. మొదట 20 లక్షల అకౌంట్లు అన్నారు, మరుసటేడు 35 లక్షల దాకా ఉండొచ్చన్నారు. జరిమానా మొదట 18 కోట్ల 50 లక్షల డాలర్లు, 2020లో ఇంకో 300 కోట్లు. 2022లో యూఎస్ బ్యాంక్‌కు కూడా ఇలాంటి పనికే మూడు కోట్ల 75 లక్షలు పడింది. అడిగినవాడికి అకౌంట్ లేదు, అడగనివాడికి రెండు. ఈ పంపకం ఎవరు చేశారో గానీ గొప్పవాడు.

న్యాయంగా చెప్పాలంటే వెల్స్ ఫార్గో మీద ఫెడరల్ రిజర్వ్ ఆంక్షలు పెట్టింది, 2018 నుంచి 2025 దాకా ఆస్తులు పెంచుకోనివ్వలేదు. కానీ ఆ ఏడేళ్లూ బ్రాంచి తలుపులు తెరిచే ఉన్నాయి. ఏ ఊళ్లోనూ ఏ అమ్మాయీ కంప్యూటర్లో చూసి, "సారీ అండీ, మీ చరిత్ర బాగాలేదు, మీతో మేము లావాదేవీ పెట్టుకోలేం" అని ఆ బ్యాంకుకు చెప్పలేదు. చెప్పడానికి ఖాతాదారుల దగ్గర అలాంటి కాగితం లేదు. అందుకని మిమ్మల్ని కోరేది ఒకటే. మీకు బ్యాంకులన్నీ తెలుసు, ఫైళ్లు కట్టడం తెలుసు, స్కోరు వెయ్యడం తెలుసు. బ్యాంకుల మీద కూడా ఒక నివేదిక తయారుచెయ్యండి. 100 నుంచి 899 దాకా. అకౌంట్ తెరవడానికి వెళ్లినవాడు రెండు నిమిషాలు ఫోన్ చూసి, పెదవి విరిచి, "ఎందుకులెండి, నేను చెప్పకూడదు" అని వెనక్కి వచ్చేస్తాడు. జరిమానా కట్టేసిన బ్యాంకుకైతే పక్కన "కట్టేసింది" అని రాయండి, చాలు.

ఈలోగా మీ ధర్మమా అని బయట మిగిలినవాళ్లకు దారులు లేకపోలేదు. ఒకసారి కాదనిపించుకున్నవాళ్లకు ఇచ్చే సెకండ్ ఛాన్స్ అకౌంట్లని ఉన్నాయి, పేరులోనే మొదటి తప్పు చాటింపు వేస్తూ. అంతకంటే మర్యాదైనవి బ్యాంక్ ఆన్ గుర్తింపు ఉన్న అకౌంట్లు. 2006లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన ఉద్యమం అది. వాటిలో ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజే ఉండదు, నిజంగా మోసం చేసినవాళ్లను తప్ప తిప్పిపంపవద్దని అది బ్యాంకులకు సలహా ఇస్తుంది. 2016 ఫిబ్రవరిలో వినియోగదారుల రక్షణ సంస్థ అధిపతి రిచర్డ్ కోర్డ్రే, ఇలాంటి అకౌంట్లు పెట్టండని దేశంలోని 25 పెద్ద బ్యాంకులకు ఉత్తరాలు రాశాడు. ఆయన రాసిన ఉత్తరాలకే అన్నీ ఒక్కసారి కదలలేదు, నా ఉత్తరం ఏపాటిదిలెండి. 2023 లెక్కల్లో కూడా అమెరికాలో నూటికి నాలుగిళ్లకు పైగా, దాదాపు 56 లక్షల కుటుంబాలకు, బ్యాంకు అకౌంటే లేదు. అందరూ మీ వల్లే అనను. మినిమమ్ బ్యాలెన్స్‌కు డబ్బు లేకే అన్నవాళ్లే ఎక్కువ. ఆ మినిమమ్ తప్పినవాళ్లే కదా తర్వాత మీ దగ్గరికి వచ్చేది.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ ఫైల్లో తన పేరుందో లేదో ఇంకా చూసుకోని ఒక ఖాతాదారుడు

తా.క. ఇదే ఉత్తరం నకలు ఒకటి, మీలాంటి నివేదికలే ఇచ్చే అర్లీ వార్నింగ్ సర్వీసెస్ అనే సంస్థలో ఉన్న మీ చెల్లెలికి కూడా వేస్తున్నాను. ఏడు పెద్ద బ్యాంకుల ఉమ్మడి ఆస్తి, ఫోన్లో డబ్బు పంపుకునే జెల్ నడిపేది కూడా వాళ్లే. ఆవిడ ఏడేళ్ల దాకా గుర్తుపెట్టుకుంటుందట కాబట్టి, మీరు మరిచిపోయాక జవాబు ఆవిడైనా రాయొచ్చు.