జీపీఏ గారూ, మీకో దండం

అయ్యా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ గారూ,

నా తరఫున పనులన్నీ నువ్వే చూసుకో అని ఒకరు ఇంకొకరికి అధికారం రాసిచ్చే కాగితం మాత్రమే అయినా, మీ హవా చూసి కుళ్ళుకుని రాస్తున్నా. మా కాలనీలో ఎవర్ని కదిపినా "స్థలం మాదేనండీ, జీపీఏ ఉందిగా" అంటారు, మరి సేల్ డీడ్, అదే అమ్మకం దస్తావేజు, ఏదండీ అంటే నన్నే అనుమానంగా చూస్తారు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది, జీపీఏతో ఓనర్‌షిప్ రాదు, రిజిస్టర్డ్ సేల్ డీడ్ కావాల్సిందేనని. అయినా సుప్రీంకోర్టుదేముంది లెండి, మా దగ్గర డాక్యుమెంట్ రైటర్ మాటే ఫైనల్.

పైగా మాయలఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు మీ ప్రాణం ఆ రాసిచ్చినాయనలో ఉంటుంది. ఆయన పోయారా, మీరూ పోయారు. సర్లే పోనీ అనుకుంటే, నాన్నకి మతిమరుపు ముదిరి సంతకం కూడా గుర్తు లేని స్టేజికొచ్చాక, మీ అవసరం అసలు పడేదే అప్పుడు కదా, సరిగ్గా అప్పుడే, రాసిచ్చినాయనకి మతి పోతే పవరూ పోతుందనే కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 201 చూపించి చేతులెత్తేస్తారు! అమెరికాలో మీ చుట్టం డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ అని ఒకాయన ఉన్నాడు, మనిషికి మతి పోయినా పని చేస్తాడు. ఆయన్ని చూసైనా సిగ్గు పడరేంటండీ.

మీ తమ్ముడు ఎస్పీఏ, అదే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ, పాపం ఎంత బుద్ధిమంతుడో. ఒక్క రిజిస్ట్రేషనో, ఒక్క కోర్టు కేసో అప్పజెప్తే అది చూసుకుని ఇంటికెళ్ళిపోతాడు. ఆయన్నెవడు పిలుస్తాడు? డల్లాస్‌లో ఉండే మావాడొకడు ఫ్లాట్ అద్దె వసూలు చేసిపెట్టమని బావమరిదికి పవర్ ఇద్దామనుకున్నాడు, కాగితంలో చూస్తే "అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు, అడ్వాన్సు పుచ్చుకొనుటకు, వ్యాజ్యములు నడుపుటకు" అని ఉంది, అద్దె మాట ఎక్కడో నాలుగో పేజీలో. దానికోసం కాన్సులేట్ చుట్టూ తిరిగి అటెస్టేషన్ చేయించాడు, కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించాడు, అంత శ్రద్ధ ఆ నాలుగు పేజీలు చదవడంలో పెట్టుంటే బావుండేది. ఇప్పుడు క్యాన్సిలేషన్ డీడ్ రిజిస్టర్ చేయించి, బావమరిదికి లాయర్ నోటీసు పంపి, పేపర్లో ప్రకటన కూడా వేయించాడు. పండక్కి రాకపోకలు బంద్.

ఇంకోటి, మీ నుదుటి మీద "ఇర్రివోకబుల్" అని కొట్టించుకుని తిరుగుతుంటారు చూడండి, అబ్బో. రద్దు కాకుండా ఉండాలంటే సెక్షన్ 202 ప్రకారం పవర్ పుచ్చుకున్నోడికి ఆ ఆస్తిలో సొంత హక్కేదో నిజంగా ఉండాలి, బోల్డ్ అక్షరాల్లో టైపు కొట్టిస్తే సరిపోదు. ఈ ముక్క మీ ఫ్యాన్స్‌కి చెప్తే "నీకు లా తెలుసా" అంటారు.

సరే, అసలు పని. మా మేనమామ ఈ ఆదివారం ఒక ప్లాట్ చూపిస్తానంటున్నాడు. మార్కెట్‌లో సగం రేటట, సేల్ డీడ్ తర్వాత చూసుకోవచ్చట, జీపీఏ మాత్రం చేతిలో రెడీగా ఉందట. ఓనర్ గారికి ఎనభై దాటాయట. కాబట్టి లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల సర్టిఫికెట్)తో పాటు పెద్దాయన బీపీ, షుగర్ రిపోర్టులు, వీలైతే ఈ నెల ఈసీజీ కూడా జతపరచి పంపగలరు.

ఇట్లు,
సేల్ డీడ్ చాదస్తం వదలనివాడు