గోడను నమ్మి చెడినవాడు లేడు

మామూలు కార్ల ఆకారంలో ఉండే పందెపు కార్లతో, ఎక్కువగా గుండ్రటి ట్రాకుల మీద, అమెరికాలో నాస్కార్ వంటి సంస్థలు జరిపే పందేలను స్టాక్ కార్ రేసింగ్ అంటారు. వాటిని అనుకరించే వీడియో గేముల మీద వినవచ్చే అభియోగాలు ముఖ్యంగా రెండు. గంటల తరబడి స్టీరింగును ఎడమవైపు తిప్పడం తప్ప వాటిలో ఏమీ లేదన్నది మొదటిది. అవి అసలు పందేన్ని ఏమాత్రం పోలి ఉండవన్నది రెండోది. అసలు పందెంలోనూ చాలామటుకు ఎడమవైపే తిప్పుతారు కనుక, మొదటి నేరం రుజువైతే రెండోది దానంతటదే కొట్టుబడిపోతుందని తర్కం తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

అయినా వాస్తవికత కోసం పట్టుబట్టే ఆటగాళ్ల చిత్తశుద్ధిని శంకించలేము. ఫ్లోరిడాలో జరిగే డేటోనా 500 పందెం అంటే రెండున్నర మైళ్ల ట్రాక్ మీద 200 ల్యాపులు (చుట్లు), 31 డిగ్రీల వాలున్న మలుపులు, దాదాపు మూడు నాలుగు గంటలపాటు కారు లోపల కొలిమిలాంటి వేడి. ఇదంతా ఉన్నదున్నట్టుగా కావాలని కోరే భక్తుడు మెనూలోకి వెళ్లి, పందెం నిడివిని పదో వంతుకు కుదించి, కారుకు దెబ్బలు తగలకుండా ఏర్పాటు చేసుకొని, ఏసీని 24 మీద పెట్టి కూర్చున్నాక, టైర్ల అరుగుదల సహజంగా లేదని నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు మాత్రం అచ్చంగా వాస్తవం.

నా మటుకు నాకు అనుమానమంతా అసలు కారు మీదనే. దాని హెడ్‌లైట్లు వెలగవు. అవి అతికించిన స్టిక్కర్లు. డ్రైవరు కిటికీలోంచి దూరి లోపలికి వెళ్లాలి. ఎంత వేగంతో పోతున్నాడో చెప్పే మీటరు కూడా అతని ముందు ఉండదు, ఇంజను చుట్లను బట్టి లెక్కగట్టుకోవాలి. గేములో మాత్రం వేగం తెర మీద అంకెల్లో కనబడుతూనే ఉంటుంది. రెండింటిలో కారు అనిపించుకోదగినది ఏదో పాఠకులే తేల్చుకోవచ్చు.

ట్రాకుల సంగతి మరీ విచిత్రం. 2008లో మొదలైన ఐరేసింగ్ అనే ఆటవారు ట్రాకులను లేజరుతో కొలిచి, తారులోని ఎగుడుదిగుళ్లను సైతం కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. నార్త్ కరోలినాలోని నార్త్ విల్క్స్‌బరో ట్రాకులో 1996 తర్వాత పెద్ద పందేలు ఆగిపోయి పిచ్చి మొక్కలు మొలిచాయి. 2019 డిసెంబరులో పేరుమోసిన మాజీ డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ వంటి పెద్దలు స్వయంగా వెళ్లి అక్కడి మొక్కలు పీకారు. పందెం కోసం కాదు, లేజరుకు అడ్డు రాకూడదని. గేములో బతికిన ఆ ట్రాకు 2023లో నిజంగానే లేచి కూర్చొని నాస్కార్ వారి ఆల్ స్టార్ పందేనికి ఆతిథ్యమిచ్చింది. షికాగో నగర వీధుల ట్రాకయితే 2021లో ముందు గేములో పుట్టి, రెండేళ్ల తర్వాత భూమి మీద అవతరించింది. ఏది దేనికి నకలో తేల్చే పని ఇక వేదాంతులది.

డ్రైవర్ల తయారీ కూడా ఇదే దారి పట్టింది. పిల్లవాడిగా ఐరేసింగ్ ఆడి ఈ విద్య నేర్చుకున్న, నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరపు కుర్రాడు విలియం బైరన్ 2024లోనూ, 2025లోనూ డేటోనా 500 గెలిచాడు. ఆ నగరం చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు ఈ కబురు ఎవరూ మోసుకుపోనక్కరలేదు, వారి పిల్లలు ఈపాటికే సాక్ష్యంగా దాఖలు చేసి ఉంటారు.

గేములో పర్యవసానాలు ఉండవన్న వాదం కూడా నిలవదు. కరోనాతో ట్రాకులు మూతబడిన 2020 ఏప్రిల్‌లో, టీవీలో ప్రత్యక్షంగా చూపిన బ్రిస్టల్ ట్రాకు గేము పందెంలో కారు గుద్దుకోగానే అసలు పందేల డ్రైవరు బబ్బా వాలెస్ విసుగెత్తి ఆట కట్టేశాడు. అతనికి డబ్బు పెట్టిన నొప్పుల మందు కంపెనీ ఆ నొప్పిని తట్టుకోలేక నిజమైన ఒప్పందాన్నే రద్దు చేసుకుంది.

ఇక నాస్కార్ డ్రైవరు రాస్ చాస్టెయిన్ విషయం. 2022 అక్టోబరు 30న వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ ట్రాకులో ఆఖరి ల్యాపు నడుస్తోంది. ఫైనల్‌కు చేరాలంటే ఇంకో రెండు స్థానాలు పైకి పోవాలి, దారిలేదు. పుచ్చకాయలు పండించే కుటుంబంలో పుట్టిన ఈ డ్రైవరు చిన్నప్పుడు గేమ్‌క్యూబ్ అనే ఆటల యంత్రం మీద ఆడిన నాస్కార్ 2005 గేమును స్మరించి, అయిదో గేరు వేసి, యాక్సిలరేటరును నేలకు తొక్కి, స్టీరింగు వదిలేసి కారును బయటి గోడకు ఆనించాడు. మలుపులో కారును లోపలికి తిప్పవలసిన శ్రమ టైర్లది. ఆ శ్రమను గోడ తన భుజాల మీద వేసుకుంది కనుక బ్రేకుతో అవసరమే లేకపోయింది. గోడను రాసుకుంటూ అయిదు కార్లను దాటేసి 18.845 సెకన్లలో ల్యాపు ముగించాడు. అరమైలుకు కాస్త పైబడిన ఆ ట్రాకు మీద అంతకుముందు ఏ స్టాక్ కారూ అంత వేగంగా తిరగలేదు. గేములో గోడకు గుద్దుకుంటే వేగం పెరగడం అవాస్తవమని ఏళ్ల తరబడి సణిగిన విమర్శకులెవరూ ఇంతవరకు క్షమాపణ పత్రం సమర్పించినట్లు నా దృష్టికి రాలేదు.

ఇంతటి శాస్త్రీయ నిరూపణకు దక్కిన బహుమానం నిషేధం. అక్రమ సారా మోస్తూ పోలీసులకు చిక్కకుండా కార్లు తోలినవారి నైపుణ్యం పునాదిగా 1948లో ఏర్పడిన నాస్కార్, 2023లో తన 75వ సీజన్ మొదలుపెడుతూనే భద్రతా నియమాన్ని గుర్తుచేసుకొని, ఇకపై గోడను నమ్ముకున్నవారికి సమయపు జరిమానా తప్పదని ప్రకటించింది. దీనితో గేములు తయారుచేసేవారికి కొత్త చిక్కు వచ్చిపడింది. వాస్తవికత పాటించాలంటే గోడ పనిచేయాలి, పనిచేసినందుకు శిక్ష కూడా పడాలి. 2005 నాటి ఆ డిస్కును అటక మీద దాచుకున్నవారికి మాత్రం ఈ బాధ లేదు. అందులో గోడ ఇప్పటికీ జరిమానా లేకుండానే దొరుకుతుంది.