పిలవకుండానే ఊడిపడే విండో గారికి

మహారాజశ్రీ వార్నింగ్స్ విండో గారికి, బెంగళూరు మారతహళ్లి నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం విడిగా అడగక్కర్లేదు, మొన్ననే మా స్క్రీన్ మీద సగం మేర పరుచుకుని దర్శనమిచ్చారు.

రోజూ వచ్చినా బాగుండేది, ఏదో ఒకటి తేల్చి పారేసేవాళ్లం. మీరలా రారు. వారం పాటు జాడ ఉండదు, ఇక పీడ వదిలిందిరా అనుకునేసరికి కోడ్ రాసుకునే ఎడిటర్ ఈమాక్స్ తెరవడం ఆలస్యం, నాలుగు అక్షరాలు కొట్టేలోపు కింద సగం ఆక్రమించేస్తారు. కంట్రోల్ ఎక్స్, ఆ తర్వాత 1 కొడితే వెళ్తారు, కాదనను. ఇంతలోనే ఇంకో ప్యాకేజీ (ఈమాక్స్‌కి మనం తగిలించుకునే అదనపు హంగు) పేరు చెప్పుకుని మళ్లీ దిగుతారు. ఆ మధ్య మీటింగులో నేను స్క్రీన్ షేర్ చేసినప్పుడు కూడా ఇంతే, సరిగ్గా అప్పుడే ఊడిపడ్డారు. మా కన్నడ మేనేజర్ "ఏనిదు?" అన్నారు. 'వార్నింగ్' అన్న ఒక్క మాట చదివి, జనం వాడుతున్న ప్రొడక్షన్ సిస్టమ్‌లో ఏదో పడిపోయిందనుకుని ఆయనకి చెమటలు పట్టాయి పాపం.

పోనీ అంత హడావిడిగా ఏం కబురు మోసుకొచ్చారు? ఎవరో ఎక్కడో రాసిన ప్యాకేజీలో డాక్‌స్ట్రింగ్ (కోడ్‌లోనే రాసిపెట్టే వివరణ) 80 అక్షరాల కంటే వెడల్పుగా ఉందట. ఇంకోదాంట్లో ఫలానా ఫంక్షన్‌ని ఎక్కడ నిర్వచించారో మీకు అంతు పట్టలేదట. నేనేం చెయ్యనండీ? ఆ కోడ్ నేను రాయలేదు, రాసినాయన ఏ దేశంలోనో హాయిగా నిద్రపోతున్నాడు. పక్కింటివాళ్ల కరెంటు బిల్లు తెచ్చి మా తలుపు కింద తోసి, ఆనక మీ ఇష్టం అని బెదిరించినట్టుంది వ్యవహారం.

మీ జాతకం మొత్తం తిరగేశాను లెండి. మీ వైభవం 2022లో వచ్చిన ఈమాక్స్ 28తో మొదలైంది. అందులో ప్యాకేజీలు రాసే లిస్ప్ భాష కోడ్‌ని లిబ్‌జీసీసీజిట్ అనే లైబ్రరీ సాయంతో నేరుగా మెషీన్ కోడ్‌గా మార్చే ఏర్పాటు పెట్టారు. దానివల్ల ఎడిటర్ చురుగ్గా పనిచేస్తుంది, ఆ మేలు మరిచిపోయేంత కృతఘ్నుణ్ని కాను. అయితే ఈ మార్పిడి అంతా తెర వెనక జరుగుతుంది, మనం టైప్ చేసుకుంటుంటే ఇంకో ఈమాక్స్ ప్రాసెస్ ఒక్కో ఫైల్‌నీ విడిగా పట్టుకుని కంపైల్ చేస్తుంటుంది. అలా ఒంటరిగా చూసినప్పుడు, ఫైల్ రాసినాయన పైన పెట్టాల్సిన 'రిక్వైర్' (ఫలానా ఫైల్ కూడా కావాలి అని చెప్పే లైను) పెట్టకపోయినా బయటపడిపోతుంది. వెంటనే మీకు పూనకం. పని పూర్తయ్యాక ఫలితం ఈఎల్ఎన్ కాష్ అనే ఫోల్డర్‌లోకి చేరుతుంది, మర్నాటి నుంచి ఈమాక్స్ అదే వాడుకుంటుంది కాబట్టి తమరికి పని ఉండదు. మళ్లీ నేను ప్యాకేజీలు అప్‌డేట్ చేసినప్పుడో, ఈమాక్స్ వెర్షనే మారినప్పుడో తమరి అవతారం.

తెలిశాక ఇంతేనా అనిపిస్తుంది గానీ, తెలియకముందు మీరు పెట్టిన తిప్పలు మామూలువా? మైనస్ క్యూ ఆప్షన్ పెట్టి నా సెట్టింగులేవీ లేకుండా తెరిస్తే మీరు లేరు. డీబగ్ ఇనిట్ ఆప్షన్‌తో తెరిస్తే అదేమో ఎర్రర్లను పట్టుకుంటుంది, మీరు వార్నింగులాయె, దొరకలేదు. మా టీమ్‌లో కడప అన్న ఒకాయన ఉన్నారు. "ఒక్కో ప్యాకేజీ తీసేసి చూడు సామీ, దొంగ వాడే బయటపడతాడు" అని పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మార్క్‌డౌన్ ప్యాకేజీ తీసి మళ్లీ తెరిస్తే మీరు రాలేదు. అన్న తొడగొట్టినంత పనిచేసి, "చూస్తివా, వీడే" అని తీర్పు చెప్పేశారు. అసలు సంగతేంటంటే, అంతకుముందు తెరిచినప్పుడే కంపైల్ అయిపోయి కాష్‌లోకి వెళ్లిపోయింది, ఆ రెండోసారి ఏది తీసినా, ఏమీ తీయకపోయినా మీరు వచ్చేవారు కాదు. వెతకడానికి తెరిచిన ప్రతిసారీ సాక్ష్యం చెరిగిపోయే నేరం మీది. పైగా ఏ పాపం ఎరగని మార్క్‌డౌన్ మీద నింద.

అందుచేత తమరికి మనవి చేసుకునేదేమనగా, ఈమాక్స్ తెరుచుకోగానే మొట్టమొదట చదివే ఎర్లీ ఇనిట్ ఫైల్‌లో నేటివ్-కాంప్-ఎసింక్-రిపోర్ట్-వార్నింగ్స్-ఎర్రర్స్ అనే, పేరు చదివేసరికి టీ చల్లారిపోయే వేరియబుల్‌కి 'సైలెంట్' అని విలువ ఇచ్చాను. 'నిల్' పెడితే తమరి నోరు పూర్తిగా మూతపడుతుందని తెలుసు, కానీ రేపు నిజంగానే ఏ ప్యాకేజీ అయినా పాడైతే చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. వార్నింగ్స్ బఫర్ అనే తమరి సొంత పేజీలో మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి, 80 అక్షరాలు దాటినవన్నీ లెక్కపెట్టుకోండి, అవసరమైతే నేనే వచ్చి చూస్తాను, మీరు మాత్రం శ్రమపడి నా స్క్రీన్ దాకా రావద్దు.

ఇట్లు,
నిండు స్క్రీన్ అద్దెదారు

తా.క.: ఆ ఒక్క లైను కడప అన్నకి కూడా పంపాను. "కొత్త ల్యాప్‌టాప్ వస్తా ఉంది, అందులో పెట్టుకుందాం లే" అన్నారు. కొత్త మెషీన్‌లో కాష్ ఖాళీ, అన్న దగ్గర ప్యాకేజీలు బోలెడు. ఆ రోజు తమరికి అక్కడ చేతినిండా పని ఉంటుంది, భోజనం చేసి వెళ్లండి.