మాస్టర్ టేబుల్ గారి దివ్యసముఖానికి

కాలేజీ వివరాలన్నీ ఒక్కరే మోసే డేటాబేస్ పట్టిక, మహారాజశ్రీ మాస్టర్ టేబుల్ గారికి, కాలేజీ ఆఫీసు నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మా కుశలం మాట మర్యాదకి అన్నదే. మీకేం, బాగానే ఉన్నారు. ఈ సెమిస్టర్‌లో ఇంకో కాలమ్ పెరిగారు కూడా, పేరు ‘రిమార్క్స్3’.

తమరు కొలువున్నది ఇంజినీరింగ్ కాలేజీలో. పై అంతస్తులో డీబీఎంఎస్ (డేటాబేస్‌ల పాఠం) క్లాసు. పిల్లలు స్కేలు పెట్టి ఎంటిటీకి (విద్యార్థి, కోర్సు లాంటివాటికి) డబ్బా, వాటి మధ్య రిలేషన్‌షిప్‌కి డైమండ్ గీసి, ఒక్కో వరసని గుర్తుపట్టించే ప్రైమరీ కీ కింద గీత కొట్టి మార్కులు తెచ్చుకుంటారు. 1976లో పీటర్ చెన్ ఈఆర్ డయాగ్రమ్ అనే ఆ బొమ్మల్ని ప్రతిపాదించింది డేటాబేస్ కట్టబోయే ముందు ఆలోచించుకోవడానికని ఆ పాఠం చెప్పే మేడమ్‌కీ తెలుసు. కింది అంతస్తులో ఆ పిల్లల మార్కులు, ఫీజులు, హాస్టల్ గదులు, ఆ మేడమ్ డిగ్రీలు అన్నీ మీ ఒక్కరి కడుపులోనే ఉన్నాయి.

ఒక గడిలో ఒక్క విలువే ఉండాలని ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లోనే పట్టుబట్టాడు. ఆయనకి తమరి జవాబు ‘మొబైల్’ కాలమ్‌లో ఉంది. రెండు నంబర్లు, మధ్యలో స్లాష్, పక్కనే ‘నాన్నగారిది, సాయంత్రం చేయాలి’.

మీలో వరసని గుర్తుపట్టాలంటే హాల్ టికెట్ నంబరు, సబ్జెక్టు రెండూ కావాలి. పేరుకి మాత్రం సబ్జెక్టుతో ఏం పని? అయినా ఒకే అమ్మాయి పేరు ఆరు సబ్జెక్టులకి ఆరుసార్లు ఎక్కింది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరాల్లో. మ్యాథ్స్‌లో పాసైన అమ్మాయీ ఫిజిక్స్‌లో పాసైన అమ్మాయీ ఒకరేనని ఆమె అఫిడవిట్ తెచ్చుకుంది.

కొత్త లెక్చరర్ చేరితే ఆయన్ని ఎక్కించడానికి ఒక విద్యార్థి కావాలి, ఎందుకంటే హాల్ టికెట్ గడి ఖాళీగా ఉంటే మీరు ఒప్పుకోరు. అందుకే ‘టెస్ట్ టెస్ట్’ అనే కుర్రాడిని పుట్టించాం. హాజరు తక్కువైందని అతని తండ్రికి నెలనెలా మెసేజ్ వెళ్తోంది. ఆ తండ్రి నంబరు మా అటెండర్‌ది. ఇంకో వైపు, ఒక ఎలెక్టివ్‌లో ఉన్న ఒకే ఒక్క విద్యార్థి టీసీ తీసుకుని వెళ్లిపోయాడు. అతని వరస తీసేస్తే ఆ కోర్సూ పోయింది, చెప్పే సారూ పోయారు. ఆయన స్టాఫ్ రూములో టీ తాగుతూనే ఉన్నారు, రికార్డుల్లోనే లేరు.

ఇక జిల్లాల సంగతి. ములుగు 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా. తర్వాత జయశంకర్ భూపాలపల్లి. 2019 ఫిబ్రవరిలో తనే జిల్లా అయింది. మండలానికో కోడ్ ఇచ్చి, ఆ కోడ్ ఏ జిల్లాదో వేరే టేబుల్‌లో రాసుకుంటే ప్రతిసారీ ఒక్క వరస మారిస్తే సరిపోయేది. జిల్లా ఆధారపడేది మండలం మీద, విద్యార్థి మీద కాదు. టేబుళ్లని పద్ధతిగా విడగొట్టే నియమాల్లో ఒకటైన మూడో నార్మల్ ఫామ్ అడిగేది ఇంతే. మీరు ప్రతి విద్యార్థి పక్కనా జిల్లా రాయించుకున్నారు కాబట్టి, ములుగు పిల్లలు ఒకే బస్సులో మూడు జిల్లాల నుంచి వస్తున్నారు. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయినప్పుడు ఎవరో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టారు. మేడమ్ డిగ్రీ ‘ఎన్ఐటీ వరంగల్’ కాస్తా ‘ఎన్ఐటీ హనుమకొండ’ అయింది. (ఆ క్యాంపస్ ఇప్పుడు ఉన్నది హనుమకొండ జిల్లాలోనే కాబట్టి, మీరు చెప్పిన అబద్ధాల్లో భౌగోళికంగా సరైనది ఇదొక్కటే.)

మిమ్మల్ని విడగొడదామంటే పెద్దలు ఉమ్మడి కుటుంబాన్ని చీలుస్తున్నట్టు చూస్తారు. ‘విడగొట్టినవాటిని కలిపి చూడటానికి జాయిన్లు పెడితే స్లో అవుతుంది’ అంటారు. ఉన్నవి కొన్ని వేల వరసలు. శుభ్రంగా విడగొట్టి, రిపోర్టుల వేగం కోసం తెలిసి మళ్లీ కలుపుకున్న టేబుళ్లు ఉంటాయి, వాటి జోలికి నేను పోను. మీరు పుట్టుకతోనే కలిసిపోయి ఉన్నారు.

మొన్న ఇన్‌స్పెక్షన్ కమిటీ మీ ఈఆర్ డయాగ్రమ్ అడిగింది. టూల్‌లో ఉన్న టేబుల్ చూసి బొమ్మ గీసే రివర్స్ ఇంజినీర్ నొక్కితే స్క్రీన్ నిండా ఒకే డబ్బా వచ్చింది, పొడవుగా. గీత ఒక్కటీ లేదు. ‘ఒక్క రిలేషన్‌షిప్ అయినా లేకపోతే ఏం బాగుంటుంది’ అన్నారు హెచ్‌ఓడీ గారు. మూడో సంవత్సరం అమ్మాయి రికార్డు పుస్తకంలోంచి ఒక పేజీ స్కాన్ చేసి ఫైల్లో పెట్టాం. స్టూడెంట్, కోర్సు, మధ్యలో డైమండ్, అటు ఎం, ఇటు ఎన్ (అటూ ఇటూ ఎన్నైనా అని). కమిటీ చాలా మెచ్చుకుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి రిమార్క్స్ కాలమ్‌లు నింపే గుమాస్తా

తా.క.: ‘టెస్ట్ టెస్ట్’ క్యాంపస్ ప్లేస్‌మెంట్లకి షార్ట్‌లిస్ట్ అయ్యాడు. బ్యాక్‌లాగ్‌లు లేవట.