మారీ మనిషన్నకి చీమకుర్తి నుంచి ఉత్తరం

మారీ మనిషన్నా,

ఆస్ట్రేలియా ఎడారిలో నేల మీద గీసిన పే...ద్ద మనిషి బొమ్మవి, ఎల్లకాలం పడుకోనుండేవాడివి, నీకేంలే, బాగానే ఉంటావు. మొన్న మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన నీ శాటిలైట్ ఫొటో పెట్టి, తల నుంచి కాలిదాకా 2.7 కిలోమీటర్లంట, గీత చుట్టుకొలతే 28 కిలోమీటర్లంట, జనం చిన్న విమానాలెక్కి డబ్బులు కట్టి మరీ చూసిపోతన్నారంట, మన కాడ కూడా ఇట్టాంటిదొకటి గీయిస్తే టూరిజం ఎక్కడికో పోద్ది అని రాశాడు. ఇంక ఒకటే దండాలు, చప్పట్లు.

గీయించడం దేనికన్నా, మా ఊరు ఎప్పుడో గీసేశారు. ఫోన్లో మ్యాప్ తీసి శాటిలైట్ నొక్కి ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకోని రా. పొలాలు పోయి బూడిద రంగు వస్తది చూడు, అదే మేము. మెట్లు మెట్లుగా దిగిన గుంటలు, అడుగున నీళ్ళు, పక్కన పనికిరాని రాయి పోసిన డంపులు, ఆ డంపులు పెరిగి పెరిగి ఏ గుట్ట దేవుడు పెట్టిందో ఏది టిప్పర్ పోసిందో మాకే తెలవకుండా పోయింది. నల్లరాయిలో బంగారు చుక్కలుండే గెలాక్సీ గ్రానైట్ అంటే ఇదే, ఓడలెక్కి చైనా పోద్ది, ఇటలీ పోద్ది, ఎవరింట్లోనో వంటగట్టు అవుద్ది. రాయి ఆడ, అది ఉన్న చోటు ఖాళీ ఈడ. మా ఆర్టు ఆ ఖాళీయే.

1998 జూన్‌లో పైన పోతా ఉన్న పైలట్ ఒకాయన చూసేదాకా నువ్వున్నట్టే లోకానికి తెలీదంట గదా. గీసిందెవరో చెప్తే ఐదు వేల డాలర్లిస్తానని 2018లో ఒక పెద్ద వ్యాపారి ప్రకటించినా తేల్లేదంట. మా కాడ ఆ సస్పెన్సు లేదన్నా, ఏ గుంట ఎవరిదో టీ కొట్టు కాడ పిల్లోణ్ణి అడిగినా చెప్తాడు. లీజెంత, తవ్విందెంత అని మాత్రం అడక్కు, అప్పుడు అందరికీ టీ చల్లారిపోతంటది.

గాలికీ వానకీ నువ్వు చెరిగిపోతంటే 2016లో అక్కడోళ్ళు నేల చదును చేసే గ్రేడర్ బండి తెచ్చి, జీపీఎస్ చూసుకుంటా మళ్ళీ గీశారంట. మా దానికి ఆ ఖర్చు కూడా లేదు. చెరిగేది కాదు, రోజూ లోతు పెరిగేది.

నెల్లూరు వైపు మా చుట్టాలు కూడా తక్కువేం కాదులే, అల్లూరు, ఇందుకూరుపేట పక్క సముద్రం ఒడ్డునంతా రొయ్యల గుంటలే, పైనుంచి చూస్తే గళ్ళ లుంగీ పరిచినట్టుంటది.

నాకున్న భయం వేరే. అబూ దాబీలో ఒక షేక్ గారు ఒక దీవి మీద తన పేరు కిలోమీటరు పొడుగు అక్షరాలతో తవ్వించుకున్నాడు, తర్వాత చెరిపేశారనుకో. ఈ సంగతి మా లీడర్లకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? పుట్టినరోజుకి సెంటర్లో ఫ్లెక్సీ చాలక పొలాల్లోకి దిగుతారు, ఈయన పేరు కిలోమీటరైతే ఆయన పేరు ఒకటిన్నర ఉండాలని కార్యకర్తలు పొక్లెయిన్లు పెట్టుకోని కొట్టుకుంటారు, పైగా పేరు పక్కన 'అన్న' కూడా రాయాల గదా, దానికింకో పదెకరాలు. నువ్వైతే ఎవరి పేరూ వేసుకోకుండా ఊరికే పడుకోనున్నావు, దానికి నీకో నమస్కారం.

నిన్ను చూడాలంటే విమానం ఎక్కాల, కింద నిలబడితే గీత తప్ప ఏమీ కనపడదంట. మాకు రివర్సు. పైనుంచి నీట్‌గా డిజైన్ మాదిరి ఉంటాం, కింద టిప్పర్ వెనకాల బైకు మీద పోయేవాడికి ముందు బండి నంబర్ ప్లేటే కనపడదు దుమ్ముకి. తెల్ల చొక్కా మాత్రం వేసుకోని రావద్దు.

ఇంకో చిన్న పని. ఆ గ్రేడర్ ఇంకా ఆడే ఉంటే ఒక వారం మా ఊరి రోడ్డుకి పంపించు. జీపీఎస్ అక్కర్లేదు, గుంటలు డ్రైవర్‌కి వాటంతటవే తగులుతాయి.

ఇట్లు,
చీమకుర్తి నుంచి నీ తమ్ముడు